మూడు రెక్కల గుర్తు

శ్రోతలకు నమస్కారం. ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు వేలాడే రేకు బోర్డు చూసే ఉంటారు. పుర్రె, అడ్డంగా రెండు ఎముకలు, పక్కన 11 వేల వోల్టులని రాత. అక్షరం ముక్క రానివాళ్లు కూడా ఆ పుర్రెను చూసి ఆగిపోతారు. బోర్డంటే అలా ఉండాలి.

ఇక ఎక్స్‌రే గది తలుపు చూడండి. పసుపు మీద మూడు రెక్కలు. అది రేడియేషన్ గుర్తు, అంటే ఇక్కడ కంటికి కనబడని ప్రమాదకర కిరణాలు ఉంటాయని హెచ్చరిక. 1946లో అమెరికాలో బర్క్‌లీ ల్యాబులో పుట్టింది. తెలిసినవాళ్లకు తెలుస్తుంది. తెలియనివాళ్లకు? ఫ్యాన్ బొమ్మ!

2010లో ఢిల్లీ మాయాపురిలో ఏం జరిగిందో చెప్తాను. అది పాత ఇనుము బజారు. ఢిల్లీ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి మూలపడ్డ ఒక యంత్రాన్ని వేలం వేశారు. లోపల కోబాల్ట్-60 అనే రేడియేషన్ చిమ్మే లోహం, ఆ కిరణాలు బయటికి రాకుండా దాని చుట్టూ సీసం. తుక్కు వ్యాపారంలో సీసానికి మంచి ధర పలుకుతుంది. అందుకే విప్పారు, ముక్కలు చేశారు. వాసన లేదు, పొగ లేదు, ఇక అనుమానమెలా వస్తుంది? ఒకాయన చిన్న కోబాల్ట్ ముక్కను పర్సులో పెట్టుకుని తిరిగాడు. ఇంకొకాయనకు ఒళ్లు నల్లబడింది, జుట్టు రాలింది. కొందరు ఆసుపత్రి పాలయ్యారు. ఒక కూలీ చనిపోయాడు.

ఇలాంటివాళ్ల కోసమే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2007లో మరో గుర్తు తెచ్చింది. ఎర్రటి త్రికోణం. పైన మూడు రెక్కలు, వాటి నుంచి దిగే కిరణాలు, కింద పుర్రె, పక్కన పరుగెత్తే మనిషి. చదవక్కర్లేదు, చూస్తే చాలు. దీన్ని తలుపు మీద పెట్టరు. యంత్రం విప్పబోయేవాడి కంట పడేలా, పై కవరు కింద అంటిస్తారు. ఈ ఆలోచన నాకు భలే నచ్చింది. కానీ దశాబ్దాల కిందటి యంత్రాల మీద ఎవరు అంటించాలి? పాత సామాను అమ్మేసే ఆఫీసులు ఆ పని చూడాలని నా అభిప్రాయం.

పాత సామాను కొనే అన్నలకు ఒక్క మాట. ఆసుపత్రి నుంచో, కాలేజీ నుంచో, ఫ్యాక్టరీ నుంచో వచ్చిన సామానులో, సైజుకు మించిన బరువుతో సీసం డబ్బా కనబడిందా? మూడు రెక్కలు కనబడ్డాయా? విప్పకండి. సుత్తి వేయకండి. కాటా మీదికి ఎత్తకండి. దూరంగా జరిగి, పక్కవాళ్లను కూడా జరగమని చెప్పి, 112కు ఫోన్ చేయండి.