మార్గళిలో మద్రాసు: పాట, పలుకు, పలహారం

సభకు నమస్కారం.

డిసెంబరు వస్తే మనవాళ్ళు చలి వెతుక్కుంటూ అరకు వెళ్తారు, లంబసింగి వెళ్తారు. నేను మిమ్మల్ని చలే లేని ఊరికి రమ్మని అడగడానికి వచ్చాను. చెన్నైలో ఆ నెల రాత్రిపూట కూడా 20 డిగ్రీలకు అటూఇటూగానే ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గుముఖం పడతాయి, ఉక్క ఉండదు. డిసెంబరు మధ్య నుంచి జనవరి మొదటి రోజుల దాకా మైలాపూరు, రాయపేట, టీ నగర్ సంగీత సభల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా కర్ణాటక సంగీత కచేరీలే. ఆ రోజులనే అక్కడ సీజన్ అంటారు. ఆ కచేరీల్లో వినబడే సాహిత్యంలో పెద్ద వాటా తెలుగుది. ఆ మాటలు ఇంట్లో మాట్లాడుకునే మనం మాత్రం ఆ హాళ్ళలో తక్కువగా కనిపిస్తాం. నా బాధ అదే, నా విన్నపమూ అదే.

తమిళులు మార్గళి అనేది మన ధనుర్మాసమే. అక్కడ రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. మైలాపూరులో కపాలీశ్వరుడి గుడి చుట్టూ మాడవీధుల్లో భజన బృందాలు నడుస్తాయి. ఒకప్పుడు తమిళ కీర్తనలు కట్టిన పాపనాశం శివన్ గారు ఆ వీధుల్లోనే భజన నడిపించేవారు. వాకిళ్ళలో ముగ్గులు, ముగ్గుల్లో గుమ్మడి పూలు. ట్రిప్లికేన్ పార్థసారథి స్వామి గుడిలో గోదమ్మ పాడిన తిరుప్పావై, రోజుకో పాశురం చొప్పున 30 రోజులు. 27వ పాశురం రోజున బియ్యం, పాలు, బెల్లం, నెయ్యి కలిపి అక్కారవడిసల్ వండి నైవేద్యం పెడతారు. నెయ్యి మోచేతి దాకా కారాలని గోదమ్మ ఆ పాశురంలోనే చెప్పింది. పాటా ప్రసాదమూ కలిసే ఉండే నెల అది. ఆ కలయికే ఇప్పుడు సభల్లోనూ కనిపిస్తుంది.

ఇక క్యాంటీన్ల సంగతి. దీని గురించి నేను కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, క్షమించండి. సీజన్‌లో పేరున్న సభల ఆవరణలో పందిరి వేసి, పేరున్న వంటవాళ్ళను పిలిచి క్యాంటీన్ పెట్టిస్తారు. టికెట్ లేనివాళ్ళు కూడా వెళ్ళి తినవచ్చు. పొద్దున వెణ్‌పొంగల్, అంటే మన కట్టె పొంగలే, పక్కన గొత్సు అనే వంకాయ పులుసు. మధ్యాహ్నం అరిటాకు వేసి భోజనం. సాయంత్రం ఆకుకూర వడ, అరటిపువ్వు వడ, అడై అనే పప్పుల అట్టు, దానికి తోడు అవియల్ అనే కూరగాయల కూర, రవ్వ దోశ, చివర ఫిల్టర్ కాఫీ. మెనూ రోజూ మారుతుంది. ఏ సభలో ఎవరు పాడుతున్నారన్నదానితో పాటు ఏ సభలో ఎవరు వండుతున్నారన్నది కూడా అక్కడివాళ్ళు ఆరా తీస్తారు. ఇందులో తప్పేమీ లేదు. రోజుకు మూడు కచేరీలు వినేవాళ్ళు ఇంటికి వెళ్ళి వంట చేసుకుని తిరిగి రాలేరు. ఆ క్యాంటీన్ వల్లనే పెద్దవయసు వాళ్ళు కూడా పొద్దుటి ప్రసంగం నుంచి రాత్రి మంగళం దాకా ఉండగలుగుతున్నారు. పైగా అక్కడి బల్లల దగ్గరే అసలు చర్చ జరుగుతుంది. ఇందాకటి తోడి రాగం ఎలా ఉంది, పల్లవి తాళం ఎక్కడ జారింది, ఆ కుర్రాడి మృదంగం ఎంత పొందికగా ఉంది. ముక్కూమొహం తెలియనివాళ్ళు మనల్ని కూడా చర్చలోకి లాగుతారు.

దొరికినచోట అశోకా హల్వా తప్పకుండా తినండి. పెసరపప్పుతో చేస్తారు, నెయ్యి ధారాళంగా పోస్తారు. అది తిరువయ్యారు వైపు వంటకం. త్యాగరాజ స్వామి బతుకులో ఎక్కువ భాగం గడిపిన ఊరు అది. తని ఆవర్తనం, అంటే పాట ఆగి తాళవాద్యాలు మాత్రమే మోగే ఘట్టం, మొదలవగానే కాఫీకి లేచిపోయే అలవాటు కొందరికి ఉంది, అది మాత్రం నేర్చుకోకండి. మృదంగం, ఘటం వాయించేవాళ్ళు ఆ సాయంత్రమంతా ఎదురుచూసేది ఆ కాసేపటి కోసమే.

ఈ సభలకు చరిత్ర ఉంది. ట్రిప్లికేన్‌లోని పార్థసారథి స్వామి సభ 1900 నాటిది. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దానితో పాటు సంగీత సమావేశం కూడా పెట్టారు. దాని నుంచే 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. వాళ్ళిచ్చే సంగీత కళానిధి బిరుదు 1941లో మన వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి, 1978లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారికి దక్కింది.

తమిళ ఊళ్ళో ఇంత తెలుగు ఎలా వచ్చిందంటే, తంజావూరు నాయకరాజుల కొలువులో తెలుగే సాహిత్య భాష. తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా దాన్ని పోషించారు. మొవ్వ క్షేత్రయ్య పదాలు ఆ దారినే అక్కడికి చేరాయి. 1767లో తిరువారూరులో పుట్టిన త్యాగరాజు ఆ నేల మీదే తెలుగులో కీర్తనలు కట్టారు. తమ ఊళ్ళో తమ భాషకు చోటు తగ్గిందని తమిళులు బాధపడ్డారు. తమిళ ఇసై, అంటే తమిళ సంగీతం, కోసం ఉద్యమం లేచింది, 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. ఆ బాధ న్యాయమైనదే. తమిళ పాటల కచేరీ కూడా ఒకటి విని రండి.

ఇంకో మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. మైలాపూరులోనే, రాయపేట హైరోడ్డులో, పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. ఆ చోట స్మారక భవనం ఉంది. సీజన్ మొదలయ్యే రోజులూ ఆయన వర్ధంతీ దాదాపు కలిసే వస్తాయి. కచేరీల కోసం వెళ్ళినవాళ్ళు అక్కడికి కూడా వెళ్ళి దండం పెట్టుకుని రావాలని నా కోరిక.

వినడం ఎలా అంటారా. రాగజ్ఞానం లేదని టెన్షన్ పడకండి, మనకు మాట తెలుసు. కల్యాణి రాగంలో త్యాగరాజు కీర్తన "నిధి చాల సుఖమా" పాడుతున్నారనుకోండి. డబ్బు సుఖమా, రాముడి సన్నిధిలో సేవ సుఖమా, నిజం చెప్పు మనసా అని అడుగుతున్నాడాయన. చరణంలో "దధి నవనీత క్షీరములు రుచో, దాశరథి ధ్యాన భజన సుధారసము రుచో" అంటాడు. పెరుగు, వెన్న, పాలు ఒకపక్క, రామభజన ఒకపక్క. క్యాంటీన్ నుంచి ఇప్పుడే వచ్చి కూర్చున్నవాడికి ఆ ప్రశ్న సూటిగా తగులుతుంది. తర్వాత "మమత బంధనయుత నరస్తుతి సుఖమా" అన్న పాదాన్ని తీసుకుని నెరవల్ చేస్తారు. ఒకే పాదం, పదిసార్లు, పది రకాలుగా. మనుషుల్ని పొగడటం సుఖమా అన్న ఆ నిలదీత ఒకసారి బతిమాలినట్టు, ఒకసారి గద్దించినట్టు వస్తుంది. భాష రానివాళ్ళు ఆ స్వరాల అందంతోనే తృప్తి పడాలి. మనకు ఆ ప్రశ్న కూడా అందుతుంది.

టికెట్ల కోసం పెద్ద పేర్ల వెంటే పడకండి. పగటిపూట చాలా సభల్లో కుర్రకారు పాడతారు, వాటికి చాలాచోట్ల టికెట్ ఉండదు, హాలు సగం ఖాళీగా ఉంటుంది. ముందు వరసలో కూర్చోండి. ఏసీ గట్టిగా ఉంటుంది, శాలువా దగ్గర ఉంచుకోండి. విజయవాడలో పొద్దున్నే పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నైలో దిగుతారు.

పగటిపూట పాడే ఆ పిల్లల్లో చాలామందికి తెలుగు రాదు. క, ఖ, గ, ఘ నాలుగింటికీ తమిళ లిపిలో ఒకటే అక్షరం. అందుకే పాటల పుస్తకాల్లో అక్షరం మీద 2, 3, 4 అని అంకెలు వేసి ముద్రిస్తారు. ఆ అంకెలు చూసుకుంటూ త్యాగరాజును నేర్చుకున్న పిల్లలు వాళ్ళు. ఎక్కడైనా మాట విరిగితే కచేరీ అయ్యాక వేదిక దగ్గరకు వెళ్ళండి. ముందు పాట ఎంత బాగుందో చెప్పండి. తర్వాత ఆ మాట ఎలా పలకాలో, ఎక్కడ ఆపాలో, దాని అర్థమేమిటో నెమ్మదిగా చెప్పండి. సంతోషంగా రాసుకుంటారు.