సీహాక్స్ 1943: ఒక నౌకాదళ స్థావరం ఫుట్‌బాల్ సీజన్

మిత్రులారా, ఈ సాయంత్రం మనం మాట్లాడుకునేది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. జట్టుకు పదకొండు మంది. బంతి చేతబట్టిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. ఈపాటి తెలిస్తే చాలు, మిగతాది ముందుకు పోతూ అర్థమవుతుంది.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా నౌకాదళం, కాబోయే పైలట్లను విమానం ఎక్కించే ముందు శారీరకంగా రాటుదేల్చడానికి ప్రీ-ఫ్లైట్ స్కూళ్లు తెరిచింది. 1942లో అయోవా విశ్వవిద్యాలయంలో పెట్టిన స్కూలు జట్టే సీహాక్స్. 1943లో దానికి కోచ్ డాన్ ఫరోట్. అంతకుముందు మిస్సోరి విశ్వవిద్యాలయం కోచ్. ఆయన సహాయకుల్లో జిమ్ టేటమ్, బడ్ విల్కిన్సన్ ఉన్నారు. ఈ ముగ్గురి పేర్లు గుర్తుంచుకోండి.

స్థావరం జట్టుకు ఆటగాళ్ల కొరత లేదు. వృత్తి ఆటగాళ్లు కూడా యూనిఫాం వేసుకుని వచ్చేవారు. అసలు ఇబ్బంది వాళ్లు నిలవకపోవడం. క్యాడెట్ ఉండేది దాదాపు మూడు నెలలు. కాలేజీ కోచ్ ఒక కుర్రాణ్ణి మూడేళ్లు దిద్దుకుంటాడు. ఇక్కడ కోచ్‌కు దొరికేది కొన్ని వారాలు. పైగా ఒక్కొక్కరు ఒక్కో కాలేజీ పద్ధతికి అలవాటుపడి వచ్చినవాళ్లు. అందుకే త్వరగా వంటబట్టే ఎత్తుగడ కావాలి.

ఫరోట్ దగ్గర అది సిద్ధంగా ఉంది. 1941లో మిస్సోరిలో ఆయన రూపొందించిన, స్ప్లిట్-టీ అనే ఆటగాళ్ల అమరిక. అందులో లైన్‌మెన్, అంటే ముందు వరుసలో ప్రత్యర్థుల్ని అడ్డుకునేవాళ్లు, ఎడం పెంచుకుని నిలబడతారు: వరుస మధ్యలోని సెంటర్‌కు అతని పక్కనున్న గార్డ్‌కు మధ్య సుమారు ఒక అడుగు, గార్డ్‌కు ఆ పక్కనున్న టాకిల్‌కు మధ్య రెండు, టాకిల్‌కు వరుస చివరి ఎండ్‌కు మధ్య మూడు. ఎదుటివాళ్లు కూడా ఆ మేరకు జరగక తప్పదు, కాబట్టి సందులు ముందే ఏర్పడతాయి. ఇద్దరు కలిసి ఒకణ్ణి నెట్టే పని తగ్గిపోతుంది. ఎదురుగా ఉన్నవాణ్ణి ఒక్క క్షణం అడ్డుకుంటే చాలు, వరుస వెనక నిలబడి బంతితో పరుగెత్తే హాఫ్‌బ్యాక్ ఆ సందులోంచి దూసుకుపోతాడు.

ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్, సెంటర్ నుంచి బంతి అందుకున్నాక వెనక్కి తగ్గకూడదు. లైన్ వెంబడే పక్కకు పరుగెత్తాలి. దూసుకొచ్చే హాఫ్‌బ్యాక్ చేతిలో బంతి పెట్టవచ్చు, పెట్టినట్టు నటించి తనే ఉంచుకోవచ్చు. చివర నిలబడ్డ ప్రత్యర్థిని కావాలనే ఎవరూ అడ్డుకోరు. వాడు క్వార్టర్‌బ్యాక్ మీదికి వస్తే బంతి బయటి వైపు పరుగెత్తేవాడికి విసరాలి. బయటికి జరిగితే తనే లోపలికి తిరగాలి. బాస్కెట్‌బాల్‌లో ఒకే డిఫెండర్ మీదికి ఇద్దరు బంతితో పోయే పద్ధతి నుంచి ఫరోట్‌కు ఈ ఆలోచన వచ్చింది.

చెడిపోయేది ఎక్కడ? క్వార్టర్‌బ్యాక్ ఒక అడుగు వెనక్కి వేశాడంటే బంతి ఆలస్యంగా చేతులు మారుతుంది, ఈలోగా సందు పూడిపోతుంది. ఎడం మరీ ఎక్కువైతే ప్రత్యర్థి ఆ సందులోంచే లోపలికి దూరతాడు. విసరడంలో తొందరపడితే చివరివాడికి తేల్చుకునే పని మిగలదు, నేరుగా బంతి ఉన్నవాడి మీదికి పోతాడు. చేతులు మారే ప్రతిసారీ బంతి జారిపోయే ప్రమాదం ఎలాగూ ఉంటుంది. సాధనలో ఎక్కువ సమయం పోవలసింది ఇక్కడే.

ఫలితాలు చూడండి. ఒహాయో స్టేట్ మీద 28-13. ఫరోట్ సొంత జట్టు మిస్సోరి మీద 21-6. నవంబర్ 20న నోటర్ డామ్ విశ్వవిద్యాలయం జట్టుతో పోటీ, దేశంలో మొదటి ర్యాంకుకూ రెండో ర్యాంకుకూ మధ్య. నోటర్ డామ్ క్వార్టర్‌బ్యాక్ ఏంజెలో బెర్టెల్లిని సీజన్ మధ్యలోనే మెరీన్ దళం పిలిపించుకుంది. ఆ స్థానంలో జానీ లుజాక్ ఆడాడు. బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు; ఆపైన బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నితే అదనంగా ఒకటి. సీహాక్స్ రెండో టచ్‌డౌన్ తర్వాత రావలసిన అదనపు పాయింట్ కిక్ తప్పింది. 13 దగ్గర ఆగిపోయారు. నోటర్ డామ్ రెండు కిక్‌లూ వేసి 14-13తో గెలిచింది. సీజన్ మొత్తంలో సీహాక్స్‌కు అదొక్కటే ఓటమి.

వారం తిరిగేసరికి మిన్నెసోటాను 32-0తో ఓడించారు. అదే రోజు మరో నౌకాదళ స్థావరం గ్రేట్ లేక్స్ చివరి నిమిషంలో నోటర్ డామ్‌ను 19-14తో దెబ్బతీసింది. అయినా తుది ర్యాంకుల్లో నోటర్ డామ్‌దే మొదటి స్థానం, సీహాక్స్‌ది రెండో స్థానం. ఓడించిన జట్టు పైన ఉండటం న్యాయమే అని నా అభిప్రాయం.

తర్వాతి ఏడాది కోచ్ మారాడు, జట్టు మారింది. కానీ ఆ ఒక్క శరత్కాలంలో స్ప్లిట్-టీని దగ్గరుండి నేర్చుకున్న ఇద్దరు సహాయకులు ఊరుకోలేదు. టేటమ్ 1953లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం జట్టును జాతీయ విజేతను చేశాడు. విల్కిన్సన్ ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో కోచ్‌గా 1953 నుంచి 1957 వరకు వరుసగా 47 ఆటలు గెలిచాడు. యుద్ధం ముగిశాక ఫరోట్ తిరిగి మిస్సోరికి వెళ్లి 1956 దాకా కోచ్‌గా ఉన్నాడు. విల్కిన్సన్ జట్టుతో ఏటా ఆడాడు, ఒక్కసారీ గెలవలేదు.