మినీ కథల పోటీకి కథ పంపడం: 200 పదాలంటే 200 పదాలే

నమస్తే అండి. ఈ రోజు మినీ కథల పోటీకి కథ ఎలా పంపాలో చూద్దాం. కథ నిన్న రాత్రే రాసేశాను, ఇదిగో స్క్రీన్ మీద ఉంది. ముందు నిబంధనలు చూడండి. 200 పదాలు మించకూడదు, యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపించే అక్షరాల్లో ఉండాలి, కథ సొంతమేనని హామీ పత్రం జత చేయాలి. మామూలే.

టైపింగ్ మీకు ఎలా వస్తే అలా చేయండి. నేనైతే ఫోన్‌లో గూగుల్ కీబోర్డ్ జీబోర్డ్ ఉంది కదా, దాని మైక్ నొక్కి చెప్పేస్తాను, తర్వాత కూర్చుని తప్పులు దిద్దుకుంటాను. ఇంగ్లీష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే లేఖిని సైట్ అలవాటున్నవాళ్ళు అందులోనే కొట్టండి. డీటీపీ షాపులో అనూ ఫాంట్‌లో మాత్రం చేయించకండి, అది యూనికోడ్ కాదు. దాన్ని మెయిల్‌లో పేస్ట్ చేస్తే అవతలివాళ్ళకి పిచ్చి గీతలే కనిపిస్తాయి. సరే, ముందుకెళ్దాం.

ఇదిగో, ఇక్కడ కాస్త ఆగండి. పదాల లెక్క. నేను దెబ్బ తిన్నది ఇక్కడే. ఒకసారి పేపర్ మీద రాసుకుని, వేళ్ళ మీద లెక్కపెట్టి, 198 వచ్చిందని ధీమాగా పంపాను. వాళ్ళు వర్డ్‌లో వేసి చూస్తే 211. పక్కన పెట్టేశారు. ఎక్కడ పెరిగాయి అంటారా? ఇదిగో, చూపిస్తాను.

"నాన్న ... ఫోన్ ... ఎత్తలేదు". మనకి మూడు పదాలు. సెలెక్ట్ చేస్తున్నాను, కింద ఎడమ పక్క చూడండి. ఐదు! చుక్కలకి అటూ ఇటూ స్పేస్ ఉంది కదా, వర్డ్ ఆ చుక్కల్ని కూడా పదాలుగానే లెక్కేసింది. స్పేస్ తీసి చుక్కల్ని పదానికి అంటించేస్తున్నాను... చూడండి, మూడు. విడిగా పెట్టిన అడ్డగీతలకీ ఇదే కథ. చుక్కలు తగ్గిస్తే ఇంకా మంచిది, అది వేరే సంగతి.

ఇంకోటి. "వెళ్ళి పోయాడు", "చెప్ప లేదు" అని విడగొట్టి రాస్తాం చూశారూ, అక్కడ ఊరికే ఒక్కో పదం పెరుగుతుంది. కలిపి రాయడమే సరైనది కూడా. అలాగని "అన్నంతిన్నతర్వాతఇంటికెళ్ళాడు" అని రైలు పెట్టెల్లా తగిలించకండి, చదివేవాళ్ళకి తెలిసిపోతుంది.

గూగుల్ డాక్స్‌లో అయితే కంట్రోల్, షిఫ్ట్, సీ. ఫోన్‌లో మూడు చుక్కలు నొక్కితే వర్డ్ కౌంట్ ఉంటుంది. శీర్షికతో కలిపి 200 అన్నారా, శీర్షిక కాకుండానా, అది కూడా చూసుకోండి.

నాది ఇప్పుడు 203. మూడు పోవాలి. "ఆ రోజు ఉదయం" అని మొదలుపెట్టాను, ఉదయమైతే కథకేం ఒరిగింది? తీసేశా. 200. ఇంకా ఉంది చూడండి, "నాకు చాలా కంగారుగా అనిపించింది". ఇది నాకు నచ్చట్లేదు. దీన్ని కొట్టేసి "మళ్ళీ చేశాను. మళ్ళీ." అని పెడుతున్నాను. నాలుగు పోయి మూడొచ్చాయి, కంగారు అనే మాట లేకుండానే కంగారు వచ్చింది. 199. చాలు.

హామీ పత్రం నా దగ్గర ఒక ఫైల్ రెడీగా ఉంటుంది, కథ పేరు మారుస్తానంతే. సొంత రచన, అనువాదం కాదు, అనుకరణ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరే చోట పరిశీలనలో లేదు. ఫేస్‌బుక్‌లో పెట్టిన కథ ప్రచురితం కిందే లెక్కేస్తారు చాలామంది, కాబట్టి పంపే ముందు లైకుల కోసం ఆశపడకండి.

పేరు, చిరునామా, ఫోన్ నంబర్ హామీ పత్రంలోనే. కథ పేజీలో పేరు వద్దన్నారు, అందుకే ఇదిగో కింద నా పేరు తీసేస్తున్నాను. ఫైల్ పేరులో కూడా ఉంది... అదీ మార్చేశా.

మెయిల్ సబ్జెక్ట్‌లో పోటీ పేరు, కథ పేరు. అటాచ్ చేశా. ఒకటి... రెండోది ఏదీ? అయ్యో, హామీ పత్రం పెట్టలేదు. ఆ, పెట్టాను. రెండూ ఒకసారి తెరిచి చూసి... సెండ్.