డిస్కార్డ్ మూసేసినా వెనక నడుస్తున్నది ఏమిటి, దాన్ని నమ్మవచ్చా?

నమస్కారం. విండోస్ కంప్యూటరులో డిస్కార్డ్ విండోను మూలన ఉన్న ఇంటూ గుర్తు నొక్కి మూసేసిన తరువాత కూడా, నడుస్తున్న ప్రోగ్రామ్‌లను చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే అదే పేరుతో ఐదారు ప్రాసెస్‌లు, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్ భాగాలు, కనిపిస్తూనే ఉంటాయి. పిల్లలు ఆటల కోసం వేసుకున్న యాప్ ఇలా వెనక నడుస్తూ ఉండడం చూసి, కంప్యూటరులోకి వైరస్ చేరిందేమోనని కంగారుపడే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఈ వీడియోలో డిస్కార్డ్ చాట్ ఎలా ఉంది, వాయిస్ ఎంత బాగుంది అనే సంగతుల జోలికి పోను. వెనక నడిచే ఆ ప్రాసెస్‌ను మాత్రమే పరిశీలిస్తాను.

నా తీర్పు ముందే చెబుతాను. ఎవరూ మార్చని అసలైన డిస్కార్డ్ ప్రాసెస్ వల్ల భయపడవలసినది ఏమీ లేదు. అయితే అది అసలైనదేనని తేల్చడానికి అందరూ చెప్పే రెండు పరీక్షలు, అంటే ఫైలు ఏ ఫోల్డరులో ఉందో చూడడం, దాని మీద కంపెనీ డిజిటల్ సంతకం ఉందో లేదో చూడడం, ఈ యాప్ విషయంలో సగం పనే చేస్తాయి.

ముందుగా ఆ ఐదారు ప్రాసెస్‌ల సంగతి చూద్దాం. డిస్కార్డ్ డెస్క్‌టాప్ యాప్‌ను ఎలక్ట్రాన్ అనే చట్రం మీద కట్టారు, ఎలక్ట్రాన్ లోపల ఉండేది క్రోమియం బ్రౌజరు. క్రోమ్ బ్రౌజరులాగే ఇది కూడా తెర మీద బొమ్మ గీసే పనికి ఒకటి, గ్రాఫిక్స్ కార్డు పనికి ఒకటి, నెట్‌వర్కు పనికి ఒకటి, యాప్ కూలిపోతే ఆ వివరాలు నమోదు చేయడానికి ఒకటి అంటూ వేర్వేరు ప్రాసెస్‌లను తెరుస్తుంది. టాస్క్ మేనేజరులో డీటెయిల్స్ ట్యాబ్‌కు వెళ్లి, పైనున్న శీర్షికల మీద రైట్ క్లిక్ చేసి కమాండ్ లైన్ అనే కాలమ్‌ను చేర్చుకుంటే, ఏ ప్రాసెస్ ఏ పనికి పుట్టిందో టైప్ అనే మాట పక్కనే రాసి ఉంటుంది. కాబట్టి సంఖ్య ఎక్కువగా ఉందని అనుమానించనక్కరలేదు.

ఇక ఇంటూ నొక్కినా యాప్ ఆగకపోవడానికి కారణం సెట్టింగే. మూసే బటన్ నొక్కితే యాప్ గడియారం పక్కనున్న ట్రేలోకి వెళ్లి కూర్చునేలా ముందే అమర్చి ఉంటుంది. డిస్కార్డ్ సెట్టింగ్స్‌లో విండోస్ సెట్టింగ్స్ అనే భాగం తెరిచి దాన్ని ఆపేయవచ్చు, కంప్యూటరు ఆన్ కాగానే యాప్ తెరుచుకోవడాన్ని కూడా అక్కడే ఆపవచ్చు.

స్టార్టప్ జాబితాలో ఇంకొక చిక్కు ఉంది. కొన్ని కంప్యూటర్లలో అక్కడ డిస్కార్డ్ అనే పేరే కనిపించదు. అప్‌డేట్ అని, ప్రచురణకర్త గిట్‌హబ్ అని కనిపిస్తుంది. అది చూసి దొంగ ప్రోగ్రామ్ అనుకుని తొలగించినవారు లేకపోలేదు. నిజానికి డిస్కార్డ్‌ను తెరిచేది, కొత్త వెర్షన్‌కు మార్చేది స్క్విరల్ అనే పనిముట్టు, అది ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ అనే కంపెనీలో పుట్టింది కనుక ఆ పేరు అలా మిగిలిపోయింది. స్లాక్ యాప్ కూడా దీన్ని వాడుకున్నది కాబట్టి, అప్‌డేట్ అనే పేరు ఒక్కటే చూసి అది ఏ యాప్‌కు చెందినదో చెప్పలేము.

ఇప్పుడు అసలు పరీక్షకు వద్దాం. టాస్క్ మేనేజరులో ప్రాసెస్ మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కితే, మీ యూజర్ ఫోల్డరులో యాప్‌డేటా, అందులో లోకల్, అందులో డిస్కార్డ్, దాని లోపల యాప్ అనే మాటతోనూ వెర్షన్ అంకెతోనూ ఉన్న ఫోల్డరు తెరుచుకోవాలి. టెంప్ ఫోల్డరో, డౌన్‌లోడ్స్ ఫోల్డరో తెరుచుకుంటే అది డిస్కార్డ్ పేరు పెట్టుకున్న మరొకటి అని గట్టిగా అనుమానించాలి. తరువాత ఆ ఫైలు ప్రాపర్టీస్ తెరిచి డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్‌లో డిస్కార్డ్ ఇంక్ అనే పేరు ఉందో లేదో, వివరాలు నొక్కినప్పుడు సంతకం సరిగానే ఉందని విండోస్ చెబుతున్నదో లేదో చూడాలి. పేరు మార్చి తిరిగే నాసిరకం మాల్వేర్, అంటే హాని చేసే ప్రోగ్రామ్, చాలావరకు ఇక్కడే దొరికిపోతుంది.

దొరకనిది ఎక్కడ ఉంటుందో చూపిస్తాను. డిస్కార్డ్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా మీ సొంత యూజర్ ఫోల్డరులో ఇన్‌స్టాల్ అవుతుంది. దానివల్ల ప్రతి అప్‌డేట్‌కూ అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడగనక్కరలేదు, అది సౌకర్యమే. కానీ అదే కారణంగా, మీ పేరుతో నడిచే ఏ ప్రోగ్రామ్ అయినా, ఏ అనుమతీ అడగకుండా, డిస్కార్డ్ ఫైళ్లను మార్చేయగలదు. యాప్ పనిలో ఎక్కువ భాగం జావాస్క్రిప్టు అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంటుంది, ఆ స్క్రిప్టు ఫైళ్ల మీద సంతకం ఉండదు. సంతకం అనేది గ్యాస్ సిలిండర్ మీది సీలు వంటిది. సిలిండర్ ఏ కంపెనీదో చెబుతుంది గానీ, దానికి తగిలించిన ట్యూబుకు చిల్లు ఉందో లేదో చెప్పదు.

ఇది ఊహ కాదు. 2020లో బయటపడిన అనార్కీగ్రాబర్ అనే మాల్వేర్ కొత్త రూపం సరిగ్గా ఈ పనే చేసింది. డిస్కార్డ్ డెస్క్‌టాప్ కోర్ అనే మాడ్యూల్‌లోని, అంటే యాప్ భాగంలోని, ఇండెక్స్ డాట్ జేఎస్ అనే స్క్రిప్టు ఫైలును మార్చి, ఖాతా పాస్‌వర్డ్‌ను దొంగిలించి, స్నేహితులకు అదే మాల్వేర్‌ను పంపించింది. ఒకసారి ఫైలు మార్చిన తరువాత ఆ మాల్వేర్ ప్రోగ్రామ్ మళ్లీ నడవవలసిన అవసరమే లేదు. సంతకం చెక్కుచెదరని అసలు డిస్కార్డే దొంగ కోడ్‌ను నడిపిస్తుంది. టాస్క్ మేనేజరులో మీకు కనిపించేదంతా సవ్యంగానే ఉంటుంది.

అందుకని ఆ ఫైలును మీ కళ్లతో చూడండి. ఇందాక తెరిచిన ఫోల్డరులో మాడ్యూల్స్‌లోకి వెళ్లి, డిస్కార్డ్ డెస్క్‌టాప్ కోర్ పేరున్న ఫోల్డరులో, దాని లోపల మళ్లీ అదే పేరున్న ఫోల్డరులో ఇండెక్స్ డాట్ జేఎస్‌ను నోట్‌ప్యాడ్‌తో తెరవండి. డబుల్ క్లిక్ చేయవద్దు, రైట్ క్లిక్ చేసి నోట్‌ప్యాడ్‌నే ఎంచుకోండి. అందులో కోర్ డాట్ అసార్ అనే ఫైలును పిలిచే ఒకే ఒక్క వరుస ఉండాలి. అంతకుమించి ఉంటే ఎవరో చేర్చినట్టే లెక్క. బెటర్‌డిస్కార్డ్ వంటి మార్పుచేర్పుల యాప్‌ను మీరే వేసుకుని ఉంటే, అది కూడా ఇక్కడే ఒక వరుస చేరుస్తుంది కాబట్టి దాన్ని మాల్వేర్ అనలేము. అయితే అలాంటివి డిస్కార్డ్ నియమాలకు విరుద్ధం, పైగా వాటిని వేసుకున్నవారికి ఈ పరీక్ష ఇంత తేలికగా తెగదు.

నెట్‌వర్కు కనెక్షన్లను చూపించే నెట్‌స్టాట్ వాడే అలవాటున్నవారు డిస్కార్డ్ 127.0.0.1 చిరునామాలో, అంటే మీ కంప్యూటరు తనను తాను పిలుచుకునే చిరునామాలో, 6463వ పోర్టు అనే ద్వారం తెరిచి ఉంచడం గమనించి ఉంటారు. అది మీ కంప్యూటరులోని ఆటలూ ఇతర యాప్‌లూ డిస్కార్డ్‌తో మాట్లాడుకోవడానికి తెరిచినది. బయటి కంప్యూటర్లు అందులోకి రాలేవు. మీరు ఏ ఆట ఆడుతున్నారో తెలుసుకోవడానికి డిస్కార్డ్ నడుస్తున్న ప్రోగ్రామ్‌ల జాబితాను చూస్తుందనే మాట మాత్రం నిజం. అది మాల్వేర్ లక్షణం కాదు గానీ, నాకు నచ్చని సంగతి.

ఫైలులో తేడా కనిపిస్తే, యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి ఊరుకుంటే చాలదు. యాప్‌డేటా లోపల లోకల్‌లోనూ రోమింగ్‌లోనూ ఉన్న డిస్కార్డ్ ఫోల్డర్లు రెండింటినీ తొలగించి, ఆ ఫైలును మార్చిన ప్రోగ్రామ్ ఇంకా లోపలే ఉండవచ్చు కాబట్టి కంప్యూటరు మొత్తాన్ని స్కాన్ చేయించాలి. పాస్‌వర్డ్‌ను ఆ కంప్యూటరులో కాకుండా ఫోనులో మార్చండి. పాస్‌వర్డ్ మారితే పాత లాగిన్ టోకెన్, అంటే పాస్‌వర్డ్ అడగకుండానే ఖాతాలోకి రానిచ్చే గుర్తు, కూడా చెల్లకుండా పోతుంది, దొంగకు కావలసింది ఆ టోకెనే. ఆ తరువాత డిస్కార్డ్ సొంత సైటు నుంచే కొత్త కాపీ దించుకుని, లాగిన్ అయ్యే ముందు ఇండెక్స్ డాట్ జేఎస్‌ను మరొకసారి తెరిచి చూసుకోండి.