టెక్సాస్‌లో ఎర్రటి ఆకులు: లాస్ట్ మేపుల్స్ రివ్యూ

అందరికీ నమస్కారం. అక్టోబర్ వచ్చిందంటే డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్‌లలో ఉన్న మనవాళ్లు అడిగేది ఒకటే. చలికాలం ముందు ఎర్రబడే ఆకుల రంగులు చూడాలంటే ఈశాన్యంలోని వెర్మాంట్ రాష్ట్రం దాకా ఫ్లైట్ ఎక్కాల్సిందేనా అని. అక్కర్లేదండీ. శాన్ ఆంటోనియోకి వాయవ్యంగా, వాండర్‌పూల్ దగ్గర లాస్ట్ మేపుల్స్ పార్కు ఉంది.

దారంతా ఎండకి మాడిన కొండలు, జునిపర్ పొదలే. ఇక్కడ మేపుల్ చెట్లేంటి అనిపిస్తుంది. సబినాల్ నది సున్నపురాయిని కోసుకుంటూ పోయి లోతైన లోయలు చేసింది. వాటి అడుగున నీడ, తడి ఉంటాయి, వేడిగాలి నేరుగా కొట్టదు. ఎప్పుడో మంచుయుగంలో ఇక్కడ పెరిగిన బిగ్‌టూత్ మేపుల్ అనే రకం చెట్ల సంతతి ఆ లోయల్లోనే ఇంకా బతుకుతోంది. నాకైతే రంగుల కన్నా ఈ సంగతే ఎక్కువ నచ్చింది.

ఇక రంగులు. ఒకే చెట్టుకి పైకొమ్మలు ఎర్రగా, మధ్యలో నారింజ, కింద ఇంకా పచ్చగా ఉంటాయి. రాలిన ఆకు తీసి చూడండి, నరాల వెంబడి పసుపు, అంచులకి కుంకుమ రంగు. అయితే కొండంతా ఎర్రబడుతుందని మాత్రం అనుకోకండి. లోయల్లో గుంపులు గుంపులుగానే కనిపిస్తుంది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఎరుపు బాగా తేలుతుంది. వానల్లేని ఏడాది ఆకులు గోధుమరంగుకి తిరిగి ఊరికే రాలిపోతాయి. అందుకే సీజన్‌లో పార్కువాళ్లు వెబ్‌సైట్లో పెట్టే ఆకుల రిపోర్టు చూసుకునే బయల్దేరండి.

మామూలుగా అక్టోబర్ చివర నుంచి నవంబర్ మధ్య దాకా బాగుంటుంది. శని, ఆదివారాలు విపరీతమైన రద్దీ, డే పాస్ ముందే బుక్ చేసుకోవాలి. వీలైతే వారం మధ్యలో సెలవు పెట్టండి. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు, పాస్, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే మేపుల్ ట్రెయిల్ అనే నడకదారి చాలు, అర మైలు కూడా ఉండదు. ఈస్ట్ ట్రెయిల్‌లో రాళ్లమీద నిటారుగా ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి వద్దు.

ఒక్క మాట బతిమాలి చెప్తున్నా. ఫోటో కోసం దారి దిగి చెట్టు మొదట్లోకి వెళ్లకండి. వీటి వేళ్లు పైపైనే ఉంటాయి, తొక్కితే మట్టి గట్టిపడి చెట్టు దెబ్బతింటుంది. పిల్లలకీ చెప్పండి.

ఎల్ పాసో వైపు ఉన్నవాళ్లు ఇంత దూరం రావద్దు. గ్వాడలూపే మౌంటెన్స్ నేషనల్ పార్కులోని మెకిట్రిక్ కాన్యన్‌లో ఇవే చెట్లున్నాయి. ఈ ఏడాది ఎవరు వెళ్లినా ఏ తారీఖున ఏ రంగులో ఉన్నాయో కామెంట్‌లో రాయండి, వెనక వెళ్లేవాళ్లకి పనికొస్తుంది.