సెలవు పెట్టి గీసిన బొమ్మ ఒక్కటీ లేదు

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినవాళ్ళు ఫోన్‌లో ఏమన్నారంటే, "మేడం, ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ కలంకారీ వేస్తున్నారు కదా, టైమ్ ఎలా దొరుకుతుందో మా పిల్లలకి కాస్త చెప్పండి" అని. సరే వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే నా జీవితంలో టైమ్ కావలసినంత దొరికింది ఒకే ఒక్కసారి. ఆ ఒక్కసారే నేను ఏమీ వేయలేదు.

అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడేళ్ళు. ఆదివారాలు శ్రీకాళహస్తి వెళ్ళి పని నేర్చుకుంటున్నాను. తిరుపతి నుంచి బస్సులో గంట. నేర్చుకున్నది సాధన చేయడానికి టైమ్ చాలడం లేదని పదిహేను రోజులు సెలవు పెట్టాను. మా పై అధికారి "పెళ్ళా, ఆపరేషనా?" అని అడిగాడు. బొమ్మలు వేసుకోవడానికి అని చెప్పలేక ఇంట్లో పనుందన్నాను.

మొదటి మూడు రోజులు బీరువాలు సర్దాను. ఖాళీగా ఉన్నప్పుడు ఇల్లు ఎంత మురికిగా కనిపిస్తుందో మీకు చెప్పక్కర్లేదు. నాలుగో రోజు, నేను సెలవులో ఉన్నానని తెలిసి మా ఆడబిడ్డ పిల్లల్ని తీసుకుని దిగింది. వాళ్ళు వెళ్ళాక తెల్ల గుడ్డ పరుచుకుని కూర్చున్నాను. ఏం వేయాలి? ఇన్ని రోజులు సెలవు పెట్టాను కదా, ఏదో గొప్పగా వేయాలి. ఆ టెన్షన్‌తో రెండు పూటలు గుడ్డ వైపు చూస్తూ గడిపాను. సెలవు అయిపోయింది. గుడ్డ మడిచి లోపల పెట్టేశాను.

ఆ తర్వాత చాలా రోజులు నాకు ఈ కళ అబ్బదనే అనుకున్నాను. మళ్ళీ పనిలో పడింది ఒక కుండ వల్ల.

కలంకారీలో నలుపు రంగుని కసిమి అంటారు. బజార్లో దొరకదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి మూతకట్టి పెడితే, దాదాపు మూడు వారాలు పులిసి తయారవుతుంది. మధ్యలో బుడగలొస్తాయి, వాసనా వస్తుంది. మా అత్తగారు ఆ కుండని మొదటి రోజే పెరట్లోకి పంపించేశారు. సెలవుకి ముందు నేను పెట్టిన కుండ అక్కడే ఉండిపోయింది. ఒక రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆవిడ, "అమ్మాయ్, నీ కుండ సంగతి చూడు, పారబోయమంటావా?" అన్నారు. మూడు వారాలు కాచుకున్న సరుకు పారబోయడానికి మనసొప్పలేదు. ఏదో ఒకటి వేద్దామని, కరక్కాయ పట్టించి ఉంచిన చిన్న గుడ్డ ముక్క తీసి, అన్నం ఉడికేలోపు నాలుగు తీగలు లాగాను. పదిహేను నిమిషాలు. సెలవంతా కలిసినా అంత పని జరగలేదు.

ఆ పని ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చెబుతాను, అసలు సంగతి అందులోనే ఉంది. కలం అంటే వెదురు పుల్ల. మొన దగ్గర సన్నగా చెక్కి, కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తాం. ఉన్ని కసిమిని పీల్చుకుని ఉంటుంది. వేళ్ళతో కాస్త నొక్కితే మొనలోకి దిగుతుంది. ఎక్కువ నొక్కారా, గుడ్డ మీద చుక్క పడుతుంది. చెరపడానికి లేదు. ఆ చుక్కని పువ్వు చేసుకోవాలి, లేదా పిట్ట కన్ను చేసుకోవాలి. గుడ్డకి ముందే కరక్కాయ, పాలు కలిపి పట్టిస్తాం. పాలుంటే గీత అటూ ఇటూ పాకదు. కుండలో నల్లగా కూడా కనిపించని ఆ నీళ్ళు కరక్కాయ తగిలిన చోట మన కళ్ళ ముందే నల్లబడతాయి. ఎన్ని వందల సార్లు చూసినా నాకు అది ముచ్చటే.

నేను గమనించిందేమిటంటే, ఈ పనిలో ఏ దశకి ఆ దశ వేరే. గుడ్డ తడిపి ఆరేయడం ఒక సాయంత్రం పని. చింతబొగ్గుతో బొమ్మ వేసుకోవడానికి తీరిక, బుర్ర రెండూ కావాలి, అది ఆదివారం. కసిమి గీతలు పొద్దున అరగంట చొప్పున లాగొచ్చు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు రాసి ఒక రోజైనా వదిలేయాలి. తర్వాత పారే నీళ్ళలో జాడించాలి. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖిలో నీళ్ళుంటే ఏట్లో, లేకపోతే బోరు దగ్గర. నేనైతే మేడ మీద కుళాయి కింద. గుడ్డే మనల్ని ఆగమంటుంది. అది ఆరేలోపు మనం ఆఫీసుకెళ్ళి రావచ్చు.

అందుకని నా దగ్గర ఎప్పుడూ మూడు గుడ్డలు మూడు దశల్లో ఉంటాయి. బాగా అలిసిపోయి వచ్చిన రోజు కొత్త బొమ్మ జోలికి పోను. అంచులో పూసల వరస నింపుతాను. దానికి బుర్ర అక్కర్లేదు, టీవీ వింటూ కూడా చేయొచ్చు. నేను మీకిచ్చే సలహా ఏదైనా ఉందంటే ఇదే: అలిసిన రోజు కోసం ఒక తెలివితక్కువ పని దాచిపెట్టుకోండి. నీటిరంగులు వేసేవాళ్ళయితే కాగితాలు కోసి పెట్టుకోండి, కథలు రాసేవాళ్ళయితే నిన్నటి పేజీ సాఫు రాయండి.

మా అమ్మకి ఈ సంగతులేవీ ఎవరూ చెప్పలేదు. తెల్లవారుజామున పాలవాడు వచ్చేలోపు ముగ్గు పడాలి. పదిహేను చుక్కలు ఎనిమిది వరకు, సందు చుక్క. చుక్కలు పెట్టేశాక ఇక "ఏం వేయాలి" అన్న ప్రశ్నలో సగం తీరిపోయినట్టే. మూడ్ లేదని మా అమ్మ ముగ్గు మానేసిన రోజు నాకు గుర్తులేదు. మైల వస్తే మానేది, అంతే. సాయంత్రానికి సైకిళ్ళు తొక్కేసేవి. మర్నాడు మళ్ళీ.

మన తిరుపతిలో నిలబడి ఈ మాట చెబుతూ అన్నమయ్య పేరు ఎత్తకపోతే బాగోదు. 16 ఏళ్ళ వయసులో, 1424లో మొదలుపెట్టి 1503లో కన్నుమూసేదాకా రోజుకొకటికి తక్కువ కాకుండా సంకీర్తన చెప్పాడంటారు. సంప్రదాయం చెప్పే లెక్క 32,000. ఆఫీసులో లెక్కలు చూసే బుద్ధి కదా, ఒకసారి భాగించి చూశాను. 79 ఏళ్ళకి దాదాపు 28,800 రోజులు. అంటే రోజుకి ఒకటి, ఒక్కోసారి రెండు. రాగిరేకుల మీద మనకు దొరికినవి అందులో సగంలోపే. దొరికినవన్నీ మనం పాడుకునేంత గొప్పవా? నన్నడిగితే కాదు. చెప్పిన మాటే మళ్ళీ చెప్పినవి బోలెడు. కానీ పల్లవి, మూడు చరణాలు అనే అచ్చు చాలావాటికి ఒకటే. మా అమ్మ చుక్కల్లాగా. రోజూ కొత్త అచ్చు పోసుకోవలసి వస్తే ఆయన కూడా సెలవు పెట్టేవాడేమో.

ఇక ఇన్‌స్పిరేషన్ గురించి. నా ఫోన్‌లో ఒకప్పుడు రెండు వేల బొమ్మలు దాచుకున్నాను, ఎప్పుడైనా పనికొస్తాయని. ఒక్కటీ పనికిరాలేదు. బొమ్మ దాచుకోగానే ఏదో పని చేసేసినంత తృప్తి కలుగుతుంది, అదే దాంతో వచ్చిన చిక్కు.

పనికొచ్చింది బస్సులో చూసిన ముసలావిడ. శ్రీకాళహస్తి బస్సులో సీటు దొరక్క, మెట్ల దగ్గర ఒక మోకాలు పైకి మడిచి, దాని మీద గంప ఆనించుకుని కూర్చుంది. గంపలో సీతాఫలాలు. ఎవరూ తొక్కకుండా వాటి మీద చెయ్యి కప్పింది. అప్పట్లో నేను రామాయణం గుడ్డ మీద పని చేస్తున్నాను. మధ్యలో పెద్ద పట్టాభిషేకం, చుట్టూ వరసలుగా చిన్న గళ్ళు, ప్రతి గడి కింద తెలుగులో కథ. శబరి గడి ఖాళీగా ఉంది. మా గురువుగారు నేర్పిన శబరి చేతులు జోడించి వంగి ఉంటుంది. నేను ఆవిణ్ని అలా మోకాలు మడిచి, పళ్ళ మీద చెయ్యి కప్పి కూర్చోబెట్టాను. తిడతారేమోనని భయపడుతూనే చూపించాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూసి, "ఏమ్మా, ఈ ముసలామె యాడనో చూసినట్టుండాదే" అన్నారు. తిట్టలేదు. గంప అల్లిక మాత్రం తప్పు వేశావన్నారు.

ఆ ఆదివారం నేను బస్సెక్కింది బొమ్మ వెతుక్కోవడానికి కాదు. శబరి గడి ఖాళీగా ఉంది కాబట్టి ఆవిడ నా కంట పడింది. అంతకు ముందు అలాంటివాళ్ళని ఎంతమందిని చూడకుండా దిగిపోయానో.

మధ్యలో మానేయాలనిపించదా అని అడుగుతారు. అనిపిస్తుంది. శ్రీకాళహస్తి పనే ఒకప్పుడు దాదాపు ఆగిపోయింది. గుళ్ళవాళ్ళు కలంకారీ తెరలు అడగడం మానేస్తే చేతులు వేరే పనులు వెతుక్కున్నాయి. 1950ల చివర్లో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టాక మళ్ళీ కుండలు పులిశాయి. చెయ్యి ఆడాలంటే అడిగేవాళ్ళుండాలి. నన్ను అడిగింది మొదట మా గురువుగారు, ఆయన పోయాక మా అత్తగారు. ఆవిడకి బొమ్మల మీద ఆసక్తి లేదు. "ఆ రాముడికి ఇంకా రంగు పడలేదేం?" అనేవారు, బట్టలు ఆరేయడానికి ఆ దండెం కావాలి కాబట్టి. ఏ ఎగ్జిబిషన్‌లో వాళ్ళూ నన్ను అంత పట్టుగా అడగలేదు.

సరే, మాటలు చాలు. పొద్దున్నే లేచి ముప్పై గుడ్డ ముక్కలకి కరక్కాయ, పాలు పట్టించి తెచ్చాను, ఆ బల్ల మీద ఉన్నాయి. పాల వాసన వస్తుంది, ఏమనుకోకండి. కలాలు పన్నెండే ఉన్నాయి, వంతులేసుకోండి. ఏం వేయాలో తోచనివాళ్ళు పక్కవాళ్ళ చెయ్యి చూసి వేయండి. కింద న్యూస్‌పేపర్లు పరుచుకుని, చున్నీలు, చొక్కా చేతులు పైకి మడుచుకోండి. కసిమి పడితే మీ అమ్మ ఎన్నిసార్లు ఉతికినా పోదు.