గలీబులైన యూనిఫాం గుడ్డ

(విజయనగరంలో చదువుల గురించి జరిగిన ఒక సాయంత్రం సభలో ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మైకు కాస్త కిందికి దించు బాబూ. చాలు. మైకులో మాట్లాడడం నాకిది రెండోసారి. మొదటిసారి పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజున, జనంలో తప్పిపోయిన మా తోడికోడలి కొడుకు పేరు పిలవడానికి మాట్లాడాను. వాడు దొరికాడు. కాబట్టి నా గొంతు మీద నాకు కొంచెం నమ్మకం ఉంది.

కార్డు మీద 'విద్యను కొత్తగా ఊహిద్దాం' అని వేశారు. అంత మాటకి నాకు నోరు తిరగదు. నేను దాసన్నపేటలో మిషను కుట్టుకునేదాన్ని. పదో తరగతి లెక్కల్లో తప్పి, మళ్లీ పరీక్షకి కట్టనిదాన్ని. మాస్టార్లూ కాలేజీ లెక్చరర్లూ ఇంతమంది ఉండగా నన్నెందుకు పిలిచారంటే, జూన్ నెల వచ్చిందంటే మా చుట్టుపక్కల వీధుల్లో సర్కారు బడికెళ్లే పిల్లలందరి కొలతలూ నా పుస్తకంలో ఉంటాయి. యూనిఫాం గుడ్డ సర్కారు ఇస్తుంది, కుట్టించుకోవడం ఇంటివాళ్ల పని. ఎవరు రెండంగుళాలు పెరిగారో, ఎవరు నిరుటి కొలతకే ఆగిపోయారో, ఏ పిల్ల నడుము తగ్గిందో హెడ్మాస్టరు గారికంటే ముందు నా టేపుకి తెలుస్తుంది. అసలు కొలతలకే రాని పిల్లలెవరో కూడా తెలుస్తుంది.

అలాంటి ఒక జూన్‌లో ఒక ముసలామె వచ్చింది. మనవరాలికిచ్చిన గుడ్డ మడత కూడా విప్పకుండా తెచ్చి మిషను మీద పెట్టింది. "పిల్లేదమ్మా, కొలత తియ్యాలి కదా" అన్నాను. "కొలతెందుకమ్మా, రెండు తలగడలకి గలీబులు కుట్టీ, సాలు" అంది.

నేను కుట్టనన్నాను. అప్పటికి నాకు చదువుల మీద ప్రేమేమీ పుట్టుకురాలేదండి, నిజం చెప్తున్నాను. మంచి గుడ్డ గలీబుల పాలవుతోందని బాధ, అంతే. పిల్లని తీసుకురమ్మన్నాను.

తొమ్మిదేళ్ల పిల్ల. అమ్మా నాన్నా హైదరాబాదు వెళ్లిపోయారు, బిల్డింగు పనికి. మన జిల్లాలో, పక్కన శ్రీకాకుళం జిల్లాలో వలసంటే వింత కాదు కదా. ప్రతి వీధిలో నాలుగిళ్లలో ముసలాళ్లూ పిల్లలే ఉంటారు. ఈ పిల్ల పల్లెలో మూడో తరగతి దాకా బాగానే చదివింది. అవ్వ పట్నంలో ఇళ్లల్లో పనికి కుదిరాక ఇక్కడి బళ్లో వేశారు. రెండు నెలలు వెళ్లి మానేసింది. ఎందుకే అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నానెల్లనప్పా. నానేటన్నా నవ్వుతన్నారు" అంది.

జరిగిందిది. టీచరు ఏదో అడిగితే పిల్లకి వినపడక "ఏటి?" అంది. 'ఏటి' కాదు, 'ఏమిటండీ' అనాలి అని టీచరు నిలబెట్టి పదిసార్లు అనిపించింది. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల పేరు 'ఏటి' అయిపోయింది. అది ఏ బడో, ఎవరా టీచరో చెప్పను. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆవిడ జాకెట్లు కుట్టేది నేనే. పిల్ల బాగుపడాలనే దిద్దింది. నాకు దిగులు పుట్టించింది అదే.

మా వరండాలో సాయంత్రాలు కూర్చునే రిటైరైన మాస్టారొకరున్నారు. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆయన చెప్పగా విన్నవే. ఈ సంగతి చెప్తే ఆయన తల పట్టుకున్నారు. "గిడుగు రామమూర్తి పంతులు గారు చదువుకున్న ఊరమ్మా ఇది" అన్నారు. నాకు అప్పటిదాకా ఆయన ఒక ఫొటో, అంతే. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, మన మహారాజావారి స్కూల్లో చదువుకుని, 1880లో పర్లాకిమిడిలో మాస్టరుగా చేరారట. అక్కడ కొండల్లోంచి వచ్చే సవరల్ని, అంటే అక్కడి గిరిజనుల్ని చూసి, వాళ్ల పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు తను వాళ్ల భాష నేర్చుకోవాలనుకున్నారు. నేర్చుకున్నారు. సవరలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. సర్కారు బహుమానం ఇవ్వబోతే ఆ డబ్బుతో ఇంకో బడి పెట్టండి అన్నారట. తర్వాత జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని ముసలితనం దాకా కొట్లాడారు.

ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి బళ్లల్లో ఆయన ఫొటోకి దండేస్తాం. తెలుగు భాషా దినోత్సవం. ముప్పయ్యో తారీఖున 'ఏటి' అన్న పిల్లని నిలబెడతాం.

ఆ పిల్ల కోసమని మొదలెట్టాం, కానీ మొదటి ఏడాది మేం చేసింది తప్పు. అది కూడా చెప్పాలి. పదిహేనుమంది తల్లులం నెలకి వంద రూపాయలు వేసుకుని మా వరండాలో నల్లబల్ల పెట్టించాం, ట్యూబులైటు వేయించాం, డిగ్రీ చదివే పిల్లనొకదాన్ని చూసుకోమన్నాం. మూడు నెలలు తిరిగేసరికి అది ట్యూషనైపోయింది. తల్లులు గేటు దగ్గర నిలబడి "మావాడి హోంవర్కు అయిందా?" అని అడిగేవాళ్లు. ఎక్కాలు అప్పజెప్పడం, చేతిరాత, స్లిప్‌టెస్టు. ఎవరికోసం తెరిచామో వాళ్లే ముందు మానేశారు. ఆ పిల్ల మాత్రం వచ్చేది, బల్ల వైపు చూసేది కాదు. నా మిషను పక్కన కూర్చుని గుండీలు రంగుల వారీ విడదీసేది.

ఒకరోజు పీలికలు వేసుకునే గోనెసంచి పట్టుకుని, "అప్పా, ఇది గోగు నారే కదా?" అంది.

ఔనేమో, నాకేం తెలుసన్నాను. నిజంగా నాకు తెలీదు, పట్నం దాన్ని. అప్పుడు చెప్పడం మొదలెట్టింది. గోగు కోసి కట్టలు కడతారట. ఆకు రాలాక ఆ కట్టలు చెరువులో పరిచి, తేలిపోకుండా పైన బరువు పెడతారట. రెండు మూడు వారాలు నానాలట. ముందు తీసేస్తే తొక్క ఊడదు, ఆలస్యమైతే నార కుళ్లిపోతుంది. రోజూ వాళ్ల తాత ఒక కాడ లాగి గోటితో గీరి చూసేవాడట. ఆ కంపుకి పొరుగూరి వాళ్లు ముక్కు మూసుకుంటే వీళ్లు నవ్వేవాళ్లట. మొలలోతు నీళ్లల్లో నిలబడి నార తియ్యడం చేతులతో చేసి చూపించింది. ఎడమచేత్తో కాడలు, కుడిచేత్తో చిన్న కర్ర, కొట్టు, లాగు, జాడించు. 'ఏటి', 'నాను', 'సేత్తారు' అన్నీ ఉన్నాయి ఆ మాటల్లో. లెక్కలు చేసుకుంటున్న పిల్లలు ఒక్కొక్కళ్లే లేచి వచ్చారు. ఒక్కరు నవ్వలేదు. ఒకడు "నువ్వు నీళ్లల్లో దిగావా? జెలగలు పట్టలేదా?" అన్నాడు. "పట్టాయి" అని కాలు చూపించింది.

మా ఎదురింటి తాత నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసినాయన. గేటు బయట నిలబడి ఇదంతా విన్నాడు. మర్నాడు తనే వచ్చి, ఆ నార మిల్లులోకొచ్చాక ఏమవుతుందో చెప్పాడు. మూడోరోజు పిల్లలు కిరాణాకొట్టు కాటా మీద పొడి గోనెసంచి తూచి, నానబెట్టి, మళ్లీ తూచారు. ఎంత నీళ్లు తాగిందో తీసివేత చేశారు. డిగ్రీ అమ్మాయి దశాంశాలు చెప్పడానికి వారం రోజులుగా తంటాలు పడుతోంది. ఆ సాయంత్రం అరగంటలో అయిపోయింది.

అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. కొత్తగా వచ్చిన పిల్ల పుస్తకం తియ్యక్కర్లేదు, ముందు తనకి తెలిసినదొకటి మాకు చెప్పాలి. పాత పద్దుల పుస్తకం ఒకటుంటే దాన్ని మాటల పుస్తకం చేశాం. ఇంట్లో వాడే మాట ఎడమ పక్క, పుస్తకంలో మాట మధ్యలో, ఇంగ్లీషు మాట కుడి పక్క. గుంటడు, బాలుడు, బాయ్. మూడూ రాయాలి. ఏదీ కొట్టెయ్యకూడదు.

ఇక్కడ తప్పకుండా ఎవరో లేస్తారు, ఇంగ్లీషు వద్దంటావా అని. వద్దని ఎందుకంటానమ్మా? ఇంగ్లీషు రాకే కదా నేను బ్యాంకు కాగితం ఇంకొకళ్ల చేత చదివించుకుంటున్నాను. కావాలి. కాకపోతే ఎడమ పక్క గడి ఖాళీగా ఉన్న పిల్ల కుడి పక్క గడి బట్టీపడుతుంది, అంతే. నేను చూస్తున్నది చెప్తున్నాను, సిద్ధాంతాలు మాస్టారు చెప్తారు.

ఒక్క పిల్ల కోసం ఇంత చేస్తారా అని మాలోనే ఒకామె అడిగింది. అప్పుడు మాస్టారు మన సంగీత కళాశాల కథ చెప్పారు. చాగంటి గంగరాజని చూపు లేని కుర్రాడు ఉండేవాడట, ఆస్థానంలో పనిచేసే ఆయన కొడుకు. వాడికి సంగీతం నేర్పించే దారి చూపమని అడిగితే, విజయరామ గజపతిరాజు గారు 1919లో గానపాఠశాలే పెట్టించేశారట. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్చుకుందామని విద్యార్థిగా చేరడానికి వస్తే, దాసుగారు వాయించమని, విని, నువ్వు నేర్చుకోవడం ఏమిటి, నేర్పు అన్నారట. తర్వాత ఘంటసాల వచ్చి చదువుకున్నారు. ఒక్క పిల్లాడి కోసం తెరిచిన తలుపులోంచి ఎంతమంది నడిచారో చూడండి. ఆ పిల్లాడికి సరిపోయే బడి లేదని తెలిసినప్పుడు వాడిలో లోపం వెతకలేదు. బడి కట్టారు.

ఘంటసాల గారు ఇక్కడ మధుకరం చేసుకుని, అంటే ఇంటింటికీ జోలె పట్టుకుని వెళ్లి అన్నం అడిగి తెచ్చుకుని తిన్నారని కూడా అందరం గొప్పగా చెప్పుకుంటాం. పట్రాయని సీతారామశాస్త్రి గారు డబ్బు తీసుకోకుండా నేర్పారు, ఇళ్లవాళ్లు జోలెలో అన్నం పెట్టారు. ఊరు పిల్లల్ని చదివించడమంటే అదే. కానీ నేనొక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ రోజుల్లో మా అవ్వ అన్నదమ్ములు జోలె పట్టుకుంటే ఆ వీధుల్లో ఏ తలుపు తీసేవాళ్లు? ఆ మంచి పద్ధతిని అందరి ఇళ్లకీ, అందరు పిల్లలకీ తేవాల్సిన పని మనకి మిగిలింది.

కమిటీల గురించి రెండు మాటలు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. దాని ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి, మొత్తం మీద సగం ఆడవాళ్లుండాలి. కాగితం మీద మా బళ్లో కూడా ఉన్నారు. మీటింగు మాత్రం పగలు పదకొండింటికి. ఇళ్లల్లో పనికెళ్లే తల్లి పదకొండింటికి ఎవరింట్లో గిన్నెలు వదిలేసి వస్తుంది? రిజిస్టరే ఇంటికొచ్చి సంతకం పెట్టించుకుని వెళ్లేది. సాయంత్రం ఆరున్నరకి పెట్టండని మూడుసార్లు రాసిచ్చాం. మూడోసారి హెడ్మాస్టరు సరేనన్నారు. ఆ రోజు ఇరవైమందికి పైగా వచ్చారు. చదువుల గురించి ఏమడుగుతారోనని టీచర్లు మార్కుల రిజిస్టర్లు సిద్ధం పెట్టుకున్నారు. మొదట లేచినామె, ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదంది. ఏడో తరగతి పిల్లలు పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా కూర్చుంటున్నారంది. వందా నూటయాభై రూపాయల గడియ. మర్నాడే పెట్టారు. అది లేదని అంతకు ముందు ఎవరికీ తెలీదు, తెలిసినవాళ్లని ఎవరూ అడగలేదు.

2022లో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లలో కలిపినప్పుడు మా చిన్నపిల్లలు పెద్ద రోడ్డు దాటాల్సి వచ్చింది. అప్పుడు తల్లులమే వంతులేసుకున్నాం, రోజుకిద్దరు, అటు పదిమందిని, ఇటు పదిమందిని చెయ్యి పట్టుకుని దాటించడం. తర్వాత ఆ ఉత్తర్వు పోయింది. వంతులు మాత్రం పోలేదు.

ఇంకొకటి. ఇంటికెళ్లి ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. రెండు వేలు కడితే నూట అరవై రూపాయలు ఏటా లైబ్రరీకి మీరే ఇస్తున్నారు. నాకిది తెలిసిన ఆదివారమే పదకొండుమంది పిల్లల్ని వెంటేసుకుని వెళ్లాను. అల్లరి చేస్తారని అక్కడాయన కొంచెం బెదిరారు. రసీదు చూపించాను. నవ్వి బీరువా తాళం తీశారు. శ్రీకాకుళంలో కారా మాస్టారు, కాళీపట్నం రామారావు గారు, లెక్కల మాస్టరు, తనకొచ్చిన అవార్డుల డబ్బు పెట్టి 1997లో కథానిలయం తెరిచారు. తెలుగు కథలన్నీ ఒక్కచోట ఉండాలని. అంత పని మనం చెయ్యలేం. పన్ను కట్టిన బీరువా తెరిపించుకోగలం.

ఆ పిల్ల ఏమైందని అడుగుతారు. ఆ ఏడాది మళ్లీ బడికెళ్లింది. యూనిఫాం నేనే కుట్టాను. ఎదుగుతుందని పాదం దగ్గర మూడంగుళాలు లోపలికి మడిచి వదిలాను. సంక్రాంతికి అమ్మా నాన్నా వచ్చి, అవ్వకి ఒంట్లో బాగోలేదని ఇద్దర్నీ హైదరాబాదు తీసుకుపోయారు. అక్కడ ఏ బళ్లో వేశారో, అసలు వేశారో లేదో నాకు తెలీదు. ఫోను నంబరు మారిపోయింది. మాటల పుస్తకంలో గోగు పేజీ దాని చేతిరాతే. ఇప్పటికీ కొత్త పిల్లలు ఆ పేజీ దగ్గరే ఆగి చదువుతారు.

నాకిచ్చిన టైము అయిపోయినట్టుంది, చీటీ పంపించారు. చివరిగా ఒక పని. ఈ జూన్‌లో గుడ్డ ఇచ్చి కొలతకి రాని పిల్లలు మా చుట్టుపక్కల ఆరుగురున్నారు. గుడ్డలు నా దగ్గరే మడతపెట్టి ఉన్నాయి, ఇళ్లకి రెండేసిసార్లు వెళ్లొచ్చాను. ముగ్గురివి అయ్యకోనేరు వైపు ఇళ్లు, ఇద్దరు మా వీధి వెనకే, ఒక పిల్లాడు ఇల్లు మారిపోయాడు, గాజులరేగ వెళ్లారంటున్నారు. ఆ పక్క నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే టీ తాగేటప్పుడు నన్ను కలవండి. చీటీలో వాళ్ల నాన్నల పేర్లు రాసి తెచ్చాను.